మా బావ ఆయిల్ డబ్బా, బేకరీ కోడలి బ్రేకు

మా బావ గురించి చెప్పాలంటే ముందు ఆయన చెవుల గురించి చెప్పాలి. మనిషి మూలన ఆనించిన గొడుగులా బక్కగా ఉంటాడు. చెవులు మాత్రం నాలుగిళ్ల అవతల గిన్నె జారితే అది ఏ గిన్నో చెప్పేస్తాయి. మా అక్క మొగుడని పొగడటం లేదు. ఒకసారి పక్కింట్లో స్టీలు గ్లాసు పడితే కూర్చున్నచోటు నుంచే "సొట్ట పడింది, కింద అంచున" అన్నాడు. వెళ్లి చూస్తే అంచునే సొట్ట.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు లైబ్రరీలో అటెండరుగా పనిచేశాడు. అక్కడ పుస్తకాలు చదివినవాళ్లు వేలమంది ఉండొచ్చు. వాళ్లందరి నోళ్లూ మూయించినవాడు మాత్రం ఒక్కడే. 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద ఆయన స్టూలు ఉండేది. బోర్డును ఎవరూ చూసేవారు కాదు, ఆయన్నే చూసేవారు. తుమ్ము వచ్చినవాడు ముక్కు పట్టుకుని వీధిలోకి పరుగెత్తి, అక్కడ తుమ్మి, మునివేళ్ల మీద లోపలికి వచ్చేవాడు. రిటైరైన రోజు ఆ బోర్డును అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడది వంటింట్లో ఉంది. మా అక్క దాని మేకులకు గరిటెలు తగిలిస్తుంది. కాలనీవాళ్లు ఆయన్ని ఎదురుగా 'లైబ్రరీ సార్' అంటారు, వెనకాల 'ష్ గారు' అంటారు. రెండూ ఆయనకు వినపడతాయి.

ఇక నా సంగతి. చెప్పుకోవడం కాదు గానీ, చెప్పకపోతే కథ నడవదు. నేను మా పల్లెలో ఒంటిగది బడిలో అయిదో తరగతి వరకే చదివాను. పదహారో ఏట సైకిలు షాపు పెట్టాను. నలభై ఏడేళ్లయింది. చక్రం తిప్పి కళ్లు మూసుకుంటే ఏ చువ్వ వదులైందో చెవితో చెప్పగలను. కాళ్లు పనిచెయ్యని దర్జీకి చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి కట్టిచ్చాను. పద్దెనిమిదేళ్లయినా అది ఇంకా తిరుగుతోంది. నెమ్మది సైకిలు పందెంలో ఏడేళ్లు వరసగా మొదటి బహుమతి నాదే. ఎనిమిదో ఏడు నన్ను జడ్జీగా కూర్చోబెట్టారు, పక్కవాళ్లకు కూడా ఒక అవకాశం దొరకాలని. డిస్కు బ్రేకులు వచ్చినప్పుడు నా ఈడు మేస్త్రీలు "ఇవి మనకెందుకొచ్చిన గొడవ" అని షట్టర్లు దించేశారు. నేను యాభై ఆరో ఏట ఒక పాడైపోయిన బ్రేకు తెచ్చుకుని నలభైసార్లు విప్పి నలభైసార్లు బిగించి నేర్చుకున్నాను. ఇప్పుడు ఈ ఊళ్లో డిస్కు బ్రేకు అంటే నా షాపే.

ఇంత పనిమంతుణ్ణి నేను జీవితంలో ఒకేఒక్క తప్పు చేశాను. అది మా బావకు ఆయిల్ డబ్బా ఇవ్వడం.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా బావ లైబ్రరీలో చేరి వారమైంది. మొహం వేలాడేసుకుని షాపుకు వచ్చాడు.

"ఏమోయ్ బామ్మర్దీ, మా లైబ్రరీ తలుపు తీస్తే చాలు, పురిటిబిడ్డలా ఏడుస్తోంది. నిశ్శబ్దం బోర్డు కింద కూర్చుని దాన్నేమనను? తలుపును ష్ అంటే వింటుందా?"

కొంగముక్కులాంటి మూతి ఉన్న చిన్న ఆయిల్ డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను. పెట్టినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. వయసు పొగరు మీద ఒక సూత్రం కూడా పడేశాను. "ఏడ్చే ఇనుముకు నూనే పాలు బావా. ఎక్కడ కీచుమన్నా ఒక్క చుక్క."

తలుపు ఏడుపు మానింది. సూత్రం మాత్రం మా బావ తలలో గూడు కట్టింది. ఆ రోజు నుంచి డబ్బా ఆయన చొక్కా జేబులోనే ఉంది. లైబ్రరీలో పుస్తకాల పురుగుకు కలరా ఉండలు వేసేవారు. ఒక ఉండను పొడిచేసి నూనెలో కలిపితే నూనెకు ముక్కిన వాసన రాదని ఆయన కనిపెట్టాడు. అది నిజమో కాదో గానీ, నలభై ఏళ్లుగా మా బావ వస్తుంటే ఆయనకన్నా నాలుగడుగులు ముందు కలరా ఉండ వాసన వస్తుంది.

రిటైరయ్యాక ఆయన సేవ కాలనీకి దక్కింది. అరవై నాలుగు ఇళ్ల గేట్లకు, పిల్లల పార్కులో ఉయ్యాలలకు, మంగలి కుర్చీకి, పోస్టుడబ్బా మూతకు ఎవరూ అడక్కుండానే నూనె వేశాడు. వాచ్‌మన్ కొత్త బూట్లు కీచుమంటున్నాయని, అతను కునుకు తీస్తుండగా వాటికీ వేశాడు. లేచి నాలుగడుగులు వేసిన వాచ్‌మన్ అయిదో అడుగు వెయ్యలేదు, జారుకుంటూ వెళ్లిపోయాడు. క్లినిక్‌లో బరువు తూచే మిషనుకు వేస్తే, ఆ రోజు నుంచి వచ్చినవాళ్లందరూ రెండు కిలోలు తగ్గారు. డాక్టరు గారికి హస్తవాసి ఉందని పేరొచ్చింది. సంఘం వాళ్లు మా బావకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అది కూడా వంటింట్లోనే ఉంది.

ఇలా రోజులు సాఫీగా, చప్పుడు లేకుండా సాగుతుండగా బేకరీ కోడలు కొత్త సైకిలు కొంది.

బేకరీ మెట్ట మీద ఉంది, కాలనీ పల్లంలో ఉంది. రోడ్డు జారుడుబల్లలా దిగి గేటు దగ్గర ఆగుతుంది. ఆ అమ్మాయి రోజూ తెల్లవారి అయిదున్నరకు సైకిలు మీద నాలుగు ట్రేల బన్నులు, బ్రెడ్డు పెట్టుకుని దిగుతుంది. గేటు లోపల మా బావ కిటికీ కింద సైకిలు నిలబెట్టి, ఒక్కో ట్రే తీసుకుని ఇంటింటికీ ఇచ్చి వస్తుంది. కోడలై వచ్చిన కొత్తలో ఆమెను కౌంటరు వెనక ఈగలు తోలడానికి కూర్చోబెట్టారు. రెండేళ్లు తోలి, ఇక తోలనని చెప్పి, తనే అరవై నాలుగు తలుపులూ తట్టి ఈ రౌండు మొదలుపెట్టింది. పాత సైకిలు బ్రేకులు వానలో పట్టడం లేదంటే డిస్కు బ్రేకుల సైకిలు కొనమని చెప్పింది నేనే, బిగించిందీ నేనే. రెండు నెలలు వెన్నలా ఆగింది.

తర్వాత ఒక మంగళవారం పొద్దున్నే ఆమె సైకిలు నడిపించుకుంటూ షాపుకు వచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"బాబాయ్, బ్రేకు పట్టుకుంటే సైకిలు ఆగుతున్నట్టు లేదు, ఏనుగు ఘీంకరిస్తున్నట్టుంది. మొన్న కొంచెం మోగింది, వానకు బురద పడిందేమో అనుకున్నా. నిన్న ఇంకాస్త మోగింది. ఇవాళ మోగడమే కాదు, ఆగలేదు కూడా. వెళ్లి నోటీసు బోర్డును గుద్దాను."

"దెబ్బ తగిలిందా తల్లీ?"

"నాకేం కాలేదు. బోర్డు మీద నోటీసుంది, చూసుకోకుండా దాన్నే గుద్దాను. నా మీద పెట్టిన నోటీసే అది!"

నోటీసు చింపి తెచ్చింది. 'విషయం: ఉదయకాల ప్రశాంతతకు భంగం' అని మొదలై, ఆదివారం సమావేశం నాటికి సదరు సైకిలు చప్పుడు మానని పక్షంలో గేటు లోపలికి అనుమతించేది లేదని ముగిసింది. కింద సంఘం సెక్రటరీ సంతకం. ఆ సెక్రటరీ ఏ సమస్యకైనా పరిష్కారం వెతికేలోపు ఒక ఫైలు పుట్టించగలడు. ఫిర్యాదు ఎవరిచ్చారో కూడా రాశాడు. మా బావే. మూడు పేజీలట.

"ఆదివారంలోగా బాగవ్వాలి బాబాయ్. నాలుగు ట్రేలు నెత్తిన పెట్టుకుని నడవలేను కదా. రౌండు పోతే తెల్లారగట్ల పొయ్యి వెలిగించనని మా మామయ్య చెప్పేశాడు. మళ్లీ ఆ కౌంటరు, మళ్లీ ఆ ఈగలు."

"నా షాపు గడప తొక్కాక ఏ బ్రేకూ నోరెత్తలేదమ్మా. కూర్చో" అన్నాను.

డిస్కు బ్రేకు అంటే పెద్ద మాయ కాదు. చక్రం మధ్యలో పల్చటి ఉక్కు బిళ్ల ఉంటుంది. బ్రేకు పట్టగానే దానికి అటొకటి ఇటొకటి రెండు ప్యాడ్లు వచ్చి నొక్కుతాయి. బిళ్లకు జిడ్డు తగిలితే ప్యాడ్లు ఆ జిడ్డు తాగేస్తాయి. అప్పుడు పట్టు పోతుంది, కేక మిగులుతుంది. బిళ్లను స్పిరిట్టుతో తుడిచాను. ప్యాడ్లను గరుకు కాగితం మీద రుద్దాను. ప్యాడ్ల బిగింపు బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టుకుని, అది తనంతట తను మధ్యకు సర్దుకున్నాక మళ్లీ బిగించాను. వీధిలో ఇరవైసార్లు నెమ్మదిగా ఆపి చూపించాను. చప్పుడు లేదు.

బుధవారం చప్పుడు లేదు. గురువారం ఏనుగు తిరిగొచ్చింది.

ఈసారి ప్యాడ్లే మార్చేశాను. శుక్రవారం చప్పుడు లేదు. శనివారం ఏనుగు పిల్లల్ని కూడా వెంటేసుకొచ్చింది. నా షాపు పక్క మంగలి కత్తెర ఆపి మరీ అన్నాడు. "ఏం మేస్త్రీ, నీ రిపేరు ఊరంతా వినపడుతోందే!"

నలభై ఏడేళ్లలో నేనలాంటి మాట పడలేదు. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చక్రం మీదకు వంగి, డిస్కును ముక్కుకు దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చాను.

కలరా ఉండ.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి నా ముక్కు లేదు. పీల్చింది బయటకు వదలకుండా బేకరీ కోడలితో "సాయంత్రానికి చూద్దాం తల్లీ, సైకిలు ఇక్కడే వదిలెయ్" అని, తిన్నగా మా అక్క ఇంటికి వెళ్లాను. మా బావ వరండాలో కూర్చుని ఫిర్యాదుకు నాలుగో పేజీ రాస్తున్నాడు.

"బావా, ఆ సైకిలు డిస్కుకు నూనె తగలకూడదు. తగిలితేనే అది అరుస్తుంది."

మా బావ కళ్లద్దాలు తీసి నన్ను జాలిగా చూశాడు. "నీకు వయసు మీద పడుతోందోయ్. ఇరవై రెండేళ్లప్పుడు నీ బుర్ర పాదరసం. ఏడ్చే ఇనుముకు నూనే పాలు అన్నావు. నలభై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. ఇప్పుడొచ్చి ఇనుముకు నూనె పడదంటావు. రేపు చేపకు నీళ్లు పడవంటావు."

"అయితే నువ్వే వేస్తున్నావా?"

"నేనా? నేనెందుకు వేస్తాను? వేసినా చెప్పుకునే రకాన్నా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు జేబు తడుముకున్నాడు.  వంటింట్లోకి వెళ్లి అక్క దగ్గర కూలబడ్డాను.

"నాకు తెలుసురా" అంది అక్క, గరిటె తీసుకెళ్లి నిశ్శబ్దానికి తగిలిస్తూ. "ఆ పిల్ల మొదటి ట్రే ఎత్తుకుని అటు తిరగ్గానే ఈయన చెప్పుల్లేకుండా బయటికెళ్లి వస్తాడు. ఏంటంటే, గుప్తదానం అన్నాడు. మోగితే ఒక చుక్క, మోగకపోతే మళ్లీ మోగకుండా ఇంకో చుక్కట."

"రేపు మీటింగులో చెప్పేస్తానక్కా. చెప్పకపోతే ఆ పిల్ల రౌండు పోతుంది."

"చెప్తే మీ బావ పరువు పోతుంది."

"మరేం చెయ్యమంటావు? డబ్బా దాచెయ్."

"దాస్తే ఇంకోటి కొంటాడు. నువ్వు నీ పని నలుగురిలో చేసి చూపించు, అంతే. నోరు విప్పకు. మంచిపని చేసి వారానికి మించి దాచుకోవడం మీ బావ వల్ల కాదు. ఇంతకాలం కాపురం చేశాను, నాకు తెలీదా? ఆయనే చెప్పుకుంటాడు."

అక్క చదివింది నాకన్నా ఒక తరగతి తక్కువ. తెలివి మాత్రం పది తరగతులు ఎక్కువ.

ఆదివారం ఉదయం కాలనీ పార్కులో కుర్చీలు వేశారు. సెక్రటరీ అజెండా చదివాడు. ఒకటి, గత సమావేశం మినిట్లు. రెండు, ఆ మినిట్లలో తప్పులు. మూడు, కుర్చీల కొరత. నాలుగు, సైకిలు. మొదటి మూడింటికీ గంటన్నర పట్టింది. బేకరీ కోడలు సైకిలు పట్టుకుని ఎండలో నిలబడే ఉంది. కుర్చీల కొరత గురించి అంతసేపు మాట్లాడినవాళ్లలో ఒక్కరూ ఆమెకు కుర్చీ ఇవ్వలేదు.

సైకిలు వంతు వచ్చేసరికి సెక్రటరీ మా బావ ఫిర్యాదు నాలుగు పేజీలూ చదివాడు. అందులో 'కర్ణకఠోరం' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది.

"దీనిమీద ఒక ఉపసంఘం వేద్దామా?" అన్నాడు సెక్రటరీ.

"ఉపసంఘం వద్దు, ఒక పావుగంట ఇవ్వండి చాలు" అన్నాను నేను.

పెట్టె తెరిచాను. అందరూ చూస్తుండగా డిస్కు తుడిచాను, పాత ప్యాడ్లు తీసి కొత్తవి వేశాను, బోల్టులు సర్దాను. ఇరవైసార్లు నెమ్మదిగా ఆపి ప్యాడ్లను అలవాటు చేశాను. తర్వాత ఆమెతో "వెళ్లి పైనుంచి దిగిరా తల్లీ" అన్నాను. ఆమె మెట్ట ఎక్కింది. అరవై నాలుగు ఇళ్లవాళ్లూ ఊపిరి బిగబట్టారు. నింపాదిగా దిగింది, గేటు దాటి వచ్చి సెక్రటరీ బల్లకు జానెడు దూరంలో బ్రేకు పట్టింది.

సైకిలు ఆగింది. దాని చుట్టూ ఉన్న గాలి కూడా ఆగింది. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం.

అందరూ చప్పట్లు కొట్టారు. సెక్రటరీ వెంటనే "సంఘం నిరంతర కృషి వల్ల సమస్య పరిష్కారమైనది" అని రాసుకున్నాడు. మా బావకు కళ్లు చెమర్చాయి. అంత చక్కటి నిశ్శబ్దం ఆయన లైబ్రరీ వదిలాక వినలేదు. లేచి సైకిలు దగ్గరకు వచ్చాడు. జేబులోంచి కొంగముక్కు తీశాడు.

"శుభం. మళ్లీ ఏడవకుండా ఒక్క చుక్క" అని వంగాడు.

బేకరీ కోడలు ఆయన మణికట్టు పట్టుకుంది. "సార్! ఏం చేస్తున్నారు?"

"వదులమ్మా. రోజూ వేసేదే కదా."

"రోజూనా?"

ఇక మా బావ ఆగలేకపోయాడు. రొమ్ము విరిచి అందరివైపూ తిరిగాడు. "అవును, రోజూ! వారం రోజులుగా నువ్వు ట్రే తీసుకుని వెళ్లగానే నేనే వచ్చి వేస్తున్నాను. ఒక్కరికి చెప్పానా? ఫిర్యాదు చేసి చేతులు దులుపుకునే రకం కాదు నేను. ఒక చేత్తో ఫిర్యాదు, రెండో చేత్తో సేవ!"

 క్లినిక్ కాంపౌండరు వెనకనుంచి మెల్లగా అడిగాడు. "సార్, మా బరువుల మిషనుకు కూడా..."

"అదీ నేనే!" అన్నాడు మా బావ ఇంకా గర్వంగా. కాలనీలో సన్నబడ్డవాళ్లందరి మొహాలూ ఒక్కసారిగా బరువెక్కాయి.

సెక్రటరీ కలం పైకెత్తాడు. "కానీ మేస్త్రీ, నూనె వేస్తే చప్పుడు తగ్గాలి గానీ పెరగడమేంటి? దీనికి రుజువుండాలి. రికార్డు కోసం."

"వెయ్యి బావా, ఒక్క చుక్క" అన్నాను.

వేశాడు. ఆమె సైకిలును గేటు దాకా నడిపించుకెళ్లి, నాలుగు తొక్కుళ్లు తొక్కి, గాభరాపడకుండా రెండుసార్లు బ్రేకు పట్టింది. రెండోసారికి ఏనుగు లేచింది. పార్కులో పావురాలన్నీ ఎగిరిపోయాయి. సెక్రటరీ రుజువు రాసుకోవాల్సిన చేతులతో చెవులు మూసుకున్నాడు. సైకిలు ఆగాల్సినచోట ఆగలేదు, బల్లను తాకి ఆగింది.

మా బావ చెవులు మూసుకోలేదు. డబ్బావైపు చూశాడు, డిస్కువైపు చూశాడు. నలభై ఏళ్లు నమ్మినది నలుగురిలో కూలితే మనిషి ఎలా ఉంటాడో అప్పుడు చూశాను. గొడుగు మడిచినట్టు అయిపోయాడు.

"ఈ పని మీకెవరు నేర్పారు సార్?" అన్నాడు సెక్రటరీ, మినిట్లలో రాయడానికి.

మా బావ నావైపు చూశాడు గానీ చెప్పలేదు. మంచిపని చెప్పుకోకుండా ఉండలేని మనిషి, నా తప్పును మాత్రం దాచేశాడు. ఇక నేను కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"నేనే నేర్పాను. ఏడ్చే ఇనుముకు నూనే పాలు అని చెప్పింది నేను. ఏ ఇనుముకు పాలు పట్టకూడదో చెప్పలేదు. సగం పాఠం చెప్పిన గురువుది తప్పు, మొత్తం చదివిన శిష్యుడిది కాదు. రాసుకోండి."

రాసుకున్నాడు. బేకరీ సైకిలుకు అనుమతి కొనసాగించారు. దాంతోపాటు ఇంకో తీర్మానం కూడా చేశారు. ఇకమీదట కాలనీలో కదిలే వస్తువుకు గానీ కదలని వస్తువుకు గానీ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఎవరూ నూనె వేయరాదు. మా బావ కూడా చెయ్యెత్తాడు.

అందరూ వెళ్లాక కొత్త ప్యాడ్లు మళ్లీ వేస్తుంటే ఆయన పక్కన కూర్చుని గుడ్డ పట్టుకున్నాడు. "ఇది దేంతో తుడుస్తున్నావోయ్?" అన్నాడు. స్పిరిట్టు సీసా, తెల్ల గుడ్డముక్క ఆయన చేతిలో పెట్టాను. ఈసారి సూత్రం చెప్పలేదు. బేకరీ కోడలే అంది, "రోజూ నేను ట్రే తీసుకెళ్లగానే మీరే తుడవండి సార్. గుప్తంగా కాదు, నేను చూస్తుండగానే."

సోమవారం అయిదున్నరకు నేను కూడా వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. పని చేసినవాడు దాన్ని చూసుకోవాలి, అది నా పద్ధతి. మా బావ అప్పటికే గుడ్డతో సిద్ధంగా ఉన్నాడు. మెట్ట మీద పొయ్యి వెలిగినట్టు పొగ కనిపించింది. నాలుగు ట్రేలతో ఆమె దిగింది, వాలులో బ్రేకు పట్టింది. చిన్న చప్పుడు కూడా లేదు.

వాచ్‌మన్ గేటు తీశాడు. రెండు రోజులుగా దానికి చుక్క పడలేదు. గేటు సాగదీసి ఏడ్చింది.

మా బావ చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

"గేటుకు వెయ్యొచ్చు సార్, దానికేం కాదు" అంది బేకరీ కోడలు నవ్వుతూ.

మా బావ చుట్టూ ఒకసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

"రాసిస్తావా అమ్మా?"

ఆమె బ్రెడ్డు చుట్టిన కాగితం కొస చింపి, నా చెవిమీద ఉన్న పెన్సిలు లాక్కుని, రాసిచ్చింది.